సప్తైతే... తర్వాత ‘చిరజీవినః’నా, ‘చిరంజీవినః’నా?

హన్మకొండ: పుట్టినరోజు పిల్లలతో ఏడుగురు చిరజీవుల శ్లోకం చదివిస్తం: ‘అశ్వత్థామా బలిర్వ్యాసో హనూమాంశ్చ విభీషణః, కృపః పరశురామశ్చ సప్తైతే...’ ఆ నాలుగో పాదం ‘సప్తైతే’ దగ్గర నోరు తడబడుతుంది. ‘చిర’ తర్వాత సున్నా ఉన్నదా?

కాజీపేట: లేదు. ఈ శ్లోకం ఛందస్సు అనుష్టుప్పు; అందులో పాదంల అయిదో అక్షరం లఘువు (పొట్టిది) కావాలె. స-ప్తై-తే-చి-ర: ఆ ‘ర’కు సున్నా పెడితే గురువైతది, నడక కుంటుతది. పెళ్లిపత్రికల ‘చి.’ అలవాటుతో సున్నా వచ్చి కూర్చుంది.

జనగామ: సున్నా సంగతి సరే, ‘చిర’ అంటే ఎప్పటికీ అని కాదు కదా! అమరులు వేరు. అశ్వత్థామకు భారతం సౌప్తికపర్వంలో కృష్ణుడు శాపంగ ఇచ్చింది మూడు వేల ఏండ్లే. చీమునెత్తురు కంపుతో, పలకరించే మనిషి లేకుండా తిరగాలె. ఆయుష్షు కన్నా ఆ రెండోదే అసలు శిక్ష.

పాలకుర్తి: మా బమ్మెర పోతన భాగవతంలో ఆ శాపమే లేదన్నా. ప్రథమస్కంధంలో జుట్టు కోసి, తలమణి తీసుకొని వెళ్లగొడుతరు, గంతే. నిద్రపోతున్న తన పిల్లలను చంపినోణ్ని ‘నీ చేతు లెట్లాడెనో’ అని అడిగిన ద్రౌపది పద్యం ముందర ఏ శాపం నిలుస్తది?

కాజీపేట: పద్యం సరే, అష్టమస్కంధం చూడండి. రాబోయే సావర్ణి మన్వంతరంలో (ఇప్పటి మనువు తర్వాతి మనువు కాలంలో) సప్తర్షులలో పరశురాముడు, అశ్వత్థామ, కృపుడు, వ్యాసుడు ఉంటరు. ఇంద్రుడు బలి. ఏడుగురిలో అయిదుగురు అక్కడనే దొరికిండ్రు! నా లెక్కల ‘చిర’ అంటే ఆ కొలువు వచ్చేదాకా.

జనగామ: మరి హనుమంతుడు? రామకథ లోకంలో ఉన్నంత కాలం. విభీషణునికి సూర్యచంద్రులున్నంత కాలం. ఇన్ని గడువులను ఒక్క లెక్కల ఎట్ల కడతరు?

హన్మకొండ: ఫలశ్రుతిలో చదివినోనికి నూరేండ్లే అన్నరు. నువ్వులు, బెల్లం కలిపిన పాలు అర దోసిలి తాగాలని ఇంకో శ్లోకం కూడా ఉంది.

పాలకుర్తి: పాలు చల్లారినంక వేయండి బెల్లం. కాగుతుండంగ వేస్తే విరుగుతయి.

జనగామ: ఆ పాల శ్లోకం మార్కండేయునిది. ఏడుగురిలో కలపక ఎనిమిదోవాడన్నరు. ప్రళయజలాల్లో ఒంటిగ ఈదులాడి వటపత్రశాయిని చూసిన మనిషి. అది పోతన ద్వాదశస్కంధంలో...

కాజీపేట: ద్వాదశం పోతనది కాదు సార్, వెలిగందల నారయది. ఏకాదశం కూడా.

పాలకుర్తి: నారయ పోతన శిష్యుడే కదా! బమ్మెర లెక్కలనే వస్తడు.