సీడెడ్ అంటే ఓడి వదులుకున్నదనా?

సప్తగిరి_సర్కిల్ (అనంతపురం):
కొత్త సినిమా వచ్చిందంటే చాలు ఫోన్లో కలెక్షన్ పోస్టరు తిరుగుతుంది, నైజాం ఇంత, సీడెడ్ ఇంత, ఉత్తరాంధ్ర ఇంత అని. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని పేరు పెట్టుకున్నాక కూడా మనకు ఈ సీడెడ్ ఏంది? ఇంగ్లీషులో సీడ్ (cede) అంటే ఓడిపోయి వదులుకోవడం. అంటే మనం ఎవరో ఓడిన ముక్కలమా? ఆ మాట తీసేయాలంటాను.

బురుజు_కింద (కర్నూలు):
తీసేయమను, కాదనను. కానీ నువ్వు చెప్పే కారణం నిలవదన్నా. తన చేతిలో ఉన్న నేలనో హక్కునో ఒప్పందం రాసి ఇంకొకరికి అప్పజెప్పడమే సీడ్ చేయడం, ఓడినవాడూ చేస్తాడు ఓడనివాడూ చేస్తాడు. కడపనే తీసుకో. 1792లో శ్రీరంగపట్నంలో టిప్పు ఓడి, తన రాజ్యంలో సగం వదులుకున్నప్పుడు అది నిజాం వాటాకు వచ్చింది. అదే కడపను 1800 అక్టోబరులో నిజాం ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు, అప్పుడు ఆయన్ని ఓడించినవాడెవడూ లేడు. తన దగ్గర పెట్టుకున్న కంపెనీ పటాలం ఖర్చుకు రొక్కం బదులు జిల్లాలిచ్చాడు, అంతే.

సప్తగిరి_సర్కిల్:
అంటే బాకీ కింద చెల్లేసినారు. ఇది ఇంకా అన్యాయం కదప్పా!

పెన్న_ఒడ్డు (కడప):
కోచింగ్‌లో ఇంగ్లీషు చెప్తాను కాబట్టి ఒక మాట. పిల్లలు సీడ్‌నూ కన్సీడ్‌నూ కలిపేస్తారు, మీరూ అదే చేస్తున్నారు. ఎన్నికల్లో ఓటమి ఒప్పుకోవడం, వాదనలో అవతలివాడి పాయింటు సరేననడం, ఫుట్‌బాల్‌లో గోల్ ఇచ్చుకోవడం, ఇవన్నీ కన్సీడ్. సీడ్‌కు మాత్రం చేతులు మారే వస్తువు కావాలి, అది ఎవరికి పోయిందో 'టు' పెట్టి చెప్తారు. 1842లో చైనా హాంకాంగ్‌ను బ్రిటన్‌కు సీడ్ చేసింది యుద్ధం ఓడి, నిజాం చేసింది స్నేహంలో ఉండి. ఎందుకిచ్చారన్నది ఆ క్రియ చెప్పదు. మనవాళ్లు దత్త మండలాలు అన్నది కూడా అందుకే, ఇచ్చిన మండలాలని. దత్తత అనుకునేవాళ్లు ఉన్నారు, ఇక్కడ ఆ అర్థం కాదు.

బురుజు_కింద:
ఇంకో తమాషా చెప్తా. ఆదోని, కోయిలకుంట్ల అప్పుడు ఇచ్చినవాటిలోవే గానీ, మా కర్నూలు ఊరు నవాబు చేతిలోనే ఉండిపోయింది. 1839లో నవాబును దించి కంపెనీ కలిపేసుకుంది. మమ్మల్నెవరూ ఇయ్యలే, లాక్కున్నారు. పోస్టరు మీద మాత్రం మేమూ సీడెడే.

సప్తగిరి_సర్కిల్:
సరే, ఓడిపోవడం కాదు, ఒప్పుకుంటా. నా కడుపుమంట ఇంకోటి. ఆ మాటలో ఇచ్చినవాడున్నాడు, పుచ్చుకున్నవాడున్నాడు, ఆ నేల మీద బతికేవాడు ఏడీ? పాలెగాళ్లను అడిగి ఇచ్చారా? అడిగుంటే కలెక్టరుగా వచ్చిన మన్రో వాళ్ల కోటల మీదికి పటాలం తోలాల్సిన పనేముంది?

పెన్న_ఒడ్డు:
ఇది గట్టి మాట. పాఠంలో సీడెడ్ ఉండనీ, జరిగిందే కాబట్టి. టికెట్ల లెక్కకు అది దేనికి, రాయలసీమ అని రాస్తే పోస్టరు చాలదా?

బురుజు_కింద:
మరి పక్కనే నైజాం ఉంది. తెలంగాణ అన్నలేమంటారో అడిగి రాపో.