కరెంటు ఆదా రూల్స్: మీ ఇంట్లో నిజంగా మిగిలిందెంత?

చల్లగాలి: మా ఇన్వర్టర్ ఏసీ (అవసరాన్ని బట్టి మోటారు వేగం తగ్గించుకుని కరెంటు ఆదా చేసేది) ఐదో ఏట ఆగిపోయింది. లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు పోయిందన్నారు. కొత్త బోర్డు వేయించేసరికి ఇన్నేళ్లూ బిల్లులో మిగిలిందంతా ఊడ్చుకుపోయింది. చవక ఏసీ కొందామంటే, ఇంతకు మించి కరెంటు తినకూడదని కనీస ప్రమాణం పెట్టి, దానికి అందని మోడళ్లు అమ్మకూడదని రూలు పెట్టారు. మీకూ ఇలా జరిగిందా?

లెక్కల మాస్టారు: చిక్కంతా సగటు దగ్గరుందండీ. రూలు పెట్టేవాళ్లు ఏడాదికి ఇన్ని గంటల వాడకం అని ఒకే అంకె వేసుకుంటారు. 60 వాట్ల పాత బల్బు తీసి 9 వాట్ల ఎల్‌ఈడీ పెట్టారనుకోండి. హాల్లో రోజూ 5 గంటలు వెలిగితే ఏడాదికి 93 యూనిట్లు మిగులుతాయి. స్టోర్‌రూమ్‌లో రోజుకు 10 నిమిషాలే అయితే 3 యూనిట్లు. బల్బు చవక కాబట్టి ఆ తేడా మనకు తగల్లేదు. ఏసీ అలా కాదు. ఏడాదికి రెండు నెలలు వేసే ఇల్లు కూడా రోజంతా వేసేవాళ్లకు గిట్టుబాటయ్యే మెషీన్‌కే డబ్బు పెట్టాలి.

అద్దింటివాణ్ణి: నేనొప్పుకోనండీ. ఫ్రిజ్ కొనేది ఇంటి ఓనరు, బిల్లు కట్టేది నేను. రూలు లేకపోతే ఆయన చవకదే తెచ్చి పెడతాడు. అమెరికాలో 1970ల్లో ఒక్క ఫ్రిజ్ ఏడాదికి దాదాపు 1,800 యూనిట్లు తినేది. 2001 ప్రమాణాలతో అది 500 దరిదాపులకు దిగింది. కంపెనీలు తమంతట తాము అంత తగ్గించేవా?

లెక్కల మాస్టారు: ఫ్రిజ్ వరకు మీ మాటే నిజం. అది ఏ ఇంట్లోనైనా 24 గంటలూ ఆన్‌లోనే ఉంటుంది, అందుకే సగటు సరిపోయింది. ఏసీకి, బట్టలు ఆరబెట్టే మెషీన్‌కి అది కుదరదు.

ఇంటిపని: డబ్బొక్కటే కాదు, టైమ్ కూడా పోతోంది. మా డిష్‌వాషర్ ఎకో మోడ్‌లో (కరెంటు ఆదా చేసే సెట్టింగ్‌లో) మూడు గంటలు దాటుతుంది. నీళ్లు తక్కువ వేడి చేసి, ఎక్కువసేపు కడుగుతుంది. యూరప్‌లో మెషీన్‌కి అంటించే కరెంటు వాడకం లేబుల్ మీది అంకె ఆ మోడ్‌దే. హడావుడిలో క్విక్ మోడ్ నొక్కితే ఆ ఆదా మనకు రాదు.

చల్లగాలి: అదే యూరప్‌లో 2021 నుంచి డిష్‌వాషర్ల స్పేర్ పార్టులు భాగాన్ని బట్టి ఏడు నుంచి పదేళ్లు, ఫ్రిజ్‌లవి కనీసం ఏడేళ్లు దొరికేలా చూడాలని కంపెనీలకు రూలు పెట్టారు. ఏసీ బోర్డులకూ అలాంటిది వస్తే నాలాంటివాళ్లు ఇంత బాధపడరు. బోర్డు మొత్తం మార్చకుండా, పోయిన భాగమే బాగుచేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?