ప్యాచ్ డోసు తగ్గించాక మళ్లీ సిగరెట్ మీదకి మనసు పోతోంది, మీకెలా తగ్గింది?

అందరికీ నమస్కారం. డాక్టరు, కౌన్సెలర్ సాయంతో సిగరెట్లు మానేశాను. ఒంటికి అంటించుకునే 21 మి.గ్రా. నికోటిన్ ప్యాచ్‌తో మొదలుపెట్టి ఈమధ్యే 14కి దిగాను. అంతవరకూ పెద్ద ఇబ్బంది లేదు. ఇప్పుడు భోజనం అయ్యీ కాగానే చెయ్యి దానంతటదే చొక్కా జేబులోకి పోతోంది. ఇక చిరాకు సరేసరి, ఇంట్లోవాళ్లు నన్ను పలకరించాలంటేనే జంకుతున్నారు.

అలాంటప్పుడు వాడమని 2 మి.గ్రా. నికోటిన్ గమ్ ఇచ్చారు. మామూలు చూయింగ్ గమ్‌లా అదేపనిగా నమలకూడదు. కాస్త నమిలి, నోరు చురుక్కుమనగానే బుగ్గకీ చిగుళ్లకీ మధ్య పెట్టుకోవాలి. అలాగే చేస్తున్నా. కానీ కాఫీ తాగాక పావుగంట దాకా గమ్ వేసుకోకూడదన్నారు. నాకేమో సిగరెట్ గుర్తొచ్చేదే కాఫీ తర్వాత! ఆ పావుగంట మీరెలా గడిపారు?

ఇంకోటి, రాత్రి ప్యాచ్ ఉంచుకుంటే పిచ్చిపిచ్చి కలలు. తీసేసి పడుకుంటే పొద్దున లేవగానే ప్రాణం సిగరెట్ కోసం లాగేస్తుంది. మీరు ఏది ఎంచుకున్నారు? 14 నుంచి 7కి దిగినప్పుడు కూడా ఇలాగే ఉంటుందా?

మందుల సంగతి ఎలాగూ డాక్టరునే అడుగుతాను. మానేసి నిలబడ్డవాళ్ల అనుభవం కావాలి. "మనసు గట్టిగా ఉంటే చాలు" అనే సలహా మాత్రం వద్దండీ, అది ఇప్పటికే చాలామంది ఇచ్చారు.