సమస్య: "మట్టిబువ్వ తినిన పొట్ట నిండె"

మోడరేటర్: ఈ వారం పాదం ఇదే, దీన్నే ఆఖరి పాదంగా పెట్టి పద్యం పూరించాలి. మొన్న పెరట్లో మా మనవరాలు కొబ్బరిచిప్పలో తడిమట్టి నొక్కి బోర్లించి, బాదం ఆకులో పెట్టి, "అమ్మమ్మా, మారు వడ్డించనా" అంది. అప్పుడు తట్టింది. కానివ్వండి.

గోదారిగట్టు:
వెన్న మీద విసిగి వీధిలో నాడుచు
అన్న కన్ను గప్పి యారగించె
లోకమెల్ల నిమిడె లోలోన, గోకుల
మట్టిబువ్వ తినిన పొట్ట నిండె

పాలమూరు పిల్ల: నడక మంచిగుంది సార్, కానీ మట్టి అనంగనే మీకు కృష్ణుడే ఎందుకొస్తడు? ఆయన తిన్నది మన్ను, బువ్వ అనుకొని తినలే. సమస్యల బువ్వ అన్న మాటకి మీ పద్యంల పనే లేదు.

గోదారిగట్టు: పోయినసారి బస్సాట పద్యంలో 'టిక్కెట్టు'కీ 'తెల్లకాగితా'నికీ యతి వేసినవాళ్ళు నాకు చెప్తున్నారా అమ్మా? పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత అక్షరం పడాలి కదా, టకీ తకీ ఎక్కడి మైత్రి?

పాలమూరు పిల్ల: తప్పే సార్, ఆ రోజే ఒప్పుకున్న. కానీ కుర్చీలన్నీ వరసగ పెట్టి, చీపురుపుల్ల చెవిల పెట్టుకున్న కండక్టరు బాగున్నడని మీరే అన్నరు.

చీరకొంగు: మీ ఇద్దరిదీ తర్వాత, నాది చూడండి.
అమ్మ చీర పందిరాకులే విస్తళ్ళు
బొమ్మ పెళ్ళి విందు, రమ్ము రమ్ము
కొసరి కొసరి పెట్టగ కోడలమ్మకు నేడు
మట్టిబువ్వ తినిన పొట్ట నిండె

గోదారిగట్టు: రెండో పాదం నోట్లోంచి పోవట్లేదు, అంత బాగుంది. మూడో పాదంలో 'పెట్టగ' దగ్గర కాలు జారింది, ఆ గ తీసేసి 'పెట్ట' అంటే చాలు.

చీరకొంగు: అయ్యో, అవును మాస్టారూ, పాడుకుంటూ రాశాను, పాటలో కలిసిపోయింది. అన్నట్టు, రుక్మిణి చిన్నప్పుడు బొమ్మల పెళ్ళిళ్ళు చేసి వియ్యమందినట్టు, గుజ్జనగూళ్ళు, అంటే ఆటబువ్వలు, వండించి చెలులకి పెట్టించినట్టు పోతన రాశాడు కదా, మీరు ఆ వైపు నుంచి వచ్చుంటే బువ్వకి బువ్వా ఉండేది, కృష్ణుడూ దూరమయ్యేవాడు కాదు.

గోదారిగట్టు: ఇది తట్టలేదు సుమా.

పాలమూరు పిల్ల: ఇగ నాది.
చింతగింజ పప్పు, చిట్టి యిసుకబువ్వ
లక్కపిడతలోన చక్క వండె
ఉప్పు తక్కువంచు నూదుచు తాతయ్య
మట్టిబువ్వ తినిన పొట్ట నిండె

గోదారిగట్టు: యతులన్నీ సరిపోయాయి, రెండుసార్లు వెతికాను. కానీ లక్కపిడత పొయ్యెక్కితే లక్క కరిగిపోదూ?

పాలమూరు పిల్ల: కరుగుతది సార్. లక్కబొమ్మల ఊరు ఏటికొప్పాకల అంకుడు కర్రని తరిణి మీద తిప్పుకుంట లక్క ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి పట్టుకుంటది, నిజం మంట ఎట్ల ఓర్చుకుంటది? చిట్టి పొయ్యి మూడు గులకరాళ్ళు, మంట ఎర్ర మందారం. ఆ మంటకి ఏం కరగదు.

మోడరేటర్: ఎర్ర మందారం మంట పద్యంలోకి రావాల్సింది, వ్యాఖ్యలో ఉండిపోయింది. నాకు మాత్రం 'ఉప్పు తక్కువ' దగ్గరే ప్రాణం లేచొచ్చింది. "అబ్బ, ఎంత బావుందో" అంటే పిల్లలు ఇట్టే పట్టేస్తారు పెద్దవాళ్ళు ఊరికే అంటున్నారని, అదే ఉప్పు తక్కువంటే చూడండి, పరిగెత్తుకెళ్ళి ఇంకో చిటికెడు ఇసుక తెచ్చి కలిపి మళ్ళీ రుచి చూడమంటారు, అక్కణ్ణుంచి అది నిజం వంటే.

చీరకొంగు: ఇంకోటి ఎవరూ అనలేదేంటి, 'తినిన' అంటే ఇక్కడ తింటే అని కదా? తిన్నది తాతయ్య, పొట్ట నిండింది చిట్టికి!

గోదారిగట్టు: నేను మూడుసార్లు చదివీ తాత పొట్టే అనుకున్నాను. పాలమూరు అమ్మాయీ, ఆ టిక్కెట్టు సంగతి ఇంక ఎత్తను.

పాలమూరు పిల్ల: పెద్దవారు, గంత మాట అన్నరు, చాలు సార్.

మోడరేటర్: వచ్చే వారానికి: "అమ్మకుఁ దన కూతు రమ్మ యయ్యె". మాస్టారూ, దేవుళ్ళు లేకుండా ఒకటి రాయండి.