పిల్లల పేరిట ఇచ్చే సాయానికి షరతులు ఉండాలా?

లెక్కల మాస్టారు: పేద కుటుంబాలకు నెలనెలా డబ్బు ఇవ్వాల్సిందే. కానీ పిల్లల్ని బడికి పంపితేనే, టీకాలు వేయిస్తేనే ఇవ్వాలి. మెక్సికో 1997లో, బ్రెజిల్ 2003లో ఇలాగే మొదలుపెట్టాయి. బడికెళ్లే పిల్లలు పెరిగారు.

రేవతి: అమెరికా 2021 జులై నుంచి డిసెంబరు దాకా ఆరేళ్లలోపు పిల్లలకు నెలకు 300 డాలర్లు, పెద్ద పిల్లలకు 250 డాలర్ల దాకా పన్ను రాయితీ కింద ఇచ్చింది. బడి షరతు లేదు. ఆ ఏడాది పిల్లల పేదరికం 5.2 శాతానికి పడిపోయింది. సాయం ఆపేశాక, 2022లో 12.4 అయింది.

లెక్కల మాస్టారు: అది పన్ను రాయితీలనూ, ప్రభుత్వ సాయాన్నీ ఆదాయంలో కలిపి చూసే అనుబంధ కొలమానం. పాత అధికారిక లెక్కలో 2021లోనూ 15 శాతం పైనే ఉంది. పైగా అప్పుడు కోవిడ్ చెక్కులు కూడా ఇచ్చారు.

రేవతి: ఆ పాత లెక్క పన్ను రాయితీల కింద వచ్చే డబ్బును అసలు కలుపుకోదండీ. ఇక తగ్గుదల ఎక్కడ కనిపిస్తుంది?

చిన్ని: బ్రిటన్ 2017 ఏప్రిల్ తర్వాత పుట్టిన మూడో బిడ్డకు అదనపు సాయం లేదంది. ఆ బిడ్డ చేసిన తప్పేంటి?

లెక్కల మాస్టారు: అది వేరే చర్చ. కలపకండి. ఆఫ్రికాలోని మలావీలో రెండు పద్ధతులూ పోల్చారు. షరతు పెట్టినచోటే అమ్మాయిల చదువు మెరుగైంది.

రేవతి: సగమే చెప్పారు. షరతు లేనిచోట చిన్న వయసు పెళ్లిళ్లు, గర్భాలు తగ్గాయి. బడి మానేసిన అమ్మాయికీ డబ్బు అందింది కాబట్టి. మా అక్క కొడుక్కి ఆస్తమా. హాజరు తగ్గిందని సాయం ఆపేశారు. డాక్టరు చీటీ పట్టుకెళితే సంతకం ఉంది, ముద్ర లేదని వెనక్కి పంపారు. మీ షరతు అంటే ఆ కిటికీ దగ్గర నిలబడటం.

లెక్కల మాస్టారు: ఒక్క గుమాస్తా చేసినదానికి పద్ధతినే తిడతారా? మా నాన్న చేతిలో పడిన డబ్బు ఇంటికి చేరేది కాదు. పాత నోటుబుక్కులో పెన్సిల్ రాతలు చెరిపి, అమ్మ అందులోనే మళ్లీ రాయించేది. తల్లిదండ్రులందరూ దేవుళ్లని నేను నమ్మలేను.

సురేష్: ఇప్పుడొచ్చారు అసలు విషయానికి.

రేవతి: బాధగా ఉంది మాస్టారూ. కానీ ఆ ఇంట్లో మీరు జ్వరమొచ్చి బడి మానేస్తే కోత పడేది అమ్మకే కదా? డబ్బు ఆమె ఖాతాలో వేయమనండి, చేతులు కలుపుతాను. పేదవాళ్లనే ముందు అనుమానించడం నాకు నచ్చదు.

లెక్కల మాస్టారు: తల్లి ఖాతాకు నేనూ సరే. షరతు మాత్రం వదలను. బ్రెజిల్‌లో కూడా ఒక్కసారికే కోయరు, ముందు హెచ్చరిక ఇస్తారు.

రేవతి: హెచ్చరిక సరే. పిల్లాడు ఎందుకు రావట్లేదో ఇంటికొచ్చి కనుక్కునేదెవరు? అది చెప్పండి ముందు.