రాబర్ట్ పీల్‌ను అవకాశవాది అని రాయొచ్చా?

అశోక్‌నగర్ అభ్యర్థి:
అందరికీ నమస్కారం. సివిల్స్‌కి హిస్టరీ ఆప్షనల్ తీసుకుని చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో చదువుకుంటున్నాను. 1815–50 బ్రిటన్ చాప్టర్‌లో రాబర్ట్ పీల్ దగ్గర ఆగిపోయాను. హోం మంత్రిగా ఉరిశిక్ష పడే నేరాలు తగ్గించాడు, 1829లో లండన్‌కి మెట్రోపాలిటన్ పోలీసును తెచ్చాడు. ఇంతవరకు సమస్య లేదు. కానీ క్యాథలిక్కులకు పార్లమెంటులో చోటు వద్దని ఏళ్ల తరబడి వాదించి, అదే 1829లో వాళ్ల బిల్లును తానే సభలో పెట్టాడు. బయటి ధాన్యాన్ని అడ్డుకునే ధాన్యం చట్టాలను కాపాడతాడని నమ్మి 1841లో గెలిపిస్తే, ప్రధానిగా 1846లో వాటిని రద్దు చేశాడు. స్టడీ గ్రూప్‌లో అందరూ అవకాశవాది అని రాసేయమంటున్నారు. నాకు చెయ్యి రావడం లేదు.

నారాయణగూడ టీచరమ్మ:
ఆ మాట రాయకు నాన్నా. మాట మార్చి లాభపడినవాడిని అవకాశవాది అంటాం. పీల్‌కి ఏం మిగిలిందో చూడు. 1829లో తన ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ పార్లమెంటు సీటుకి రాజీనామా చేసి, మళ్లీ పోటీ చేసి ఓడిపోయాడు. 1846లో పదవి పోయింది, ఆయన కన్సర్వేటివ్ పార్టీ చీలింది.

డిగ్రీ కాలేజీలో ఈ పాఠం చెప్పినన్నాళ్లూ నేను రొట్టె ధరతోనే మొదలుపెట్టేదాన్ని. 1815 ధాన్యం చట్టం ప్రకారం దేశంలో గోధుమ ధర క్వార్టర్‌కి (అప్పటి ధాన్యం కొలత) 80 షిల్లింగులకు చేరేదాకా బయటి గోధుమ అమ్మకానికి రాకూడదు. లాభం భూస్వాములది, భారం కూలీలది. పీల్ పార్టీకి వెన్నెముక ఆ భూస్వాములే. ఆయనేమో లాంకషైర్ నూలు మిల్లుల యజమాని కొడుకు. 1842లోనే గోధుమతో సహా చాలా సరుకుల మీద సుంకం తగ్గించాడు. ఆ లోటు పూడ్చడానికి, ఏడాదికి 150 పౌండ్లు దాటిన ఆదాయం మీద పౌండుకి 7 పెన్నీల ఇన్‌కమ్ ట్యాక్స్ వేశాడు. యుద్ధం లేని రోజుల్లో ఆ పన్ను వేయడం అదే మొదలు. తినే తిండి మీది భారాన్ని కలిగినవాళ్ల ఆదాయం మీదికి మార్చాడన్నమాట. అంటే 1846 ఉన్నట్టుండి వచ్చిపడింది కాదు. 1845లో ఐర్లాండులో బంగాళదుంప పంటకు తెగులు సోకి తిండికి కరువు రావడంతో పీల్ ఇక ఆగలేదు.

సొంత పార్టీలో ఎక్కువమంది ఎదురు తిరిగితే ప్రతిపక్షమైన విగ్ పార్టీ ఓట్లతో బిల్లు నెగ్గించాడు. జూన్ 25న ప్రభువుల సభ దాన్ని ఆమోదించింది. అదే రాత్రి దిగువ సభ కామన్స్‌లో ఐర్లాండు శాంతిభద్రతల బిల్లు మీద ఆయన్ని ఓడించారు. నాలుగు రోజుల్లో దిగిపోయాడు.

సిద్దిపేట మక్కలు:
మేడమ్, ఐర్లాండును ఒక్క వాక్యంలో దాటేశారు. పీల్ అమెరికా నుంచి లక్ష పౌండ్ల విలువైన మక్కలు తెప్పించాడు, నిజమే. మాది సిద్దిపేట దిక్కు, ఇప్పుడు ఉప్పల్‌లో ఉంటున్నాం. మా నాయనమ్మ మక్క గట్క వండేది. ఎండిన మక్కలు ఇసుర్రాయిలో పట్టి, జల్లించి, చాలాసేపు ఉడికిస్తే తప్ప మెత్తబడవు. రోజూ ఆలుగడ్డలు ఉడకబెట్టుకుని తినేవాళ్లకు అవి ఎట్లా వండాలో ఏం తెలుస్తుంది? అక్కడ వాటిని ఆడించడానికి తగిన మిల్లులూ లేవు. సరిగ్గా నలగని పిండి తిని జనం కడుపునొప్పితో అల్లాడారు. పైగా గోధుమ సుంకం 1849 దాకా విడతలవారీగానే తగ్గింది. ఆకలి మాత్రం అప్పటిదాకా ఆగదు కదా. ఇది లేకపోతే ఆన్సర్ సగమే.

నారాయణగూడ టీచరమ్మ:
మంచి మాట, తప్పకుండా రాయాల్సిందే. అయితే ఆ కరువు మొదటి ఏడాది చావులు తక్కువగా ఉండడానికి ఆ మక్కలూ ఒక కారణం. 1846లో బంగాళదుంప పంట దాదాపు పూర్తిగా పోయింది. పీల్ దిగిపోయాక వచ్చిన విగ్ ప్రధాని రస్సెల్ ప్రభుత్వం తిండిగింజల్ని చాలావరకు వ్యాపారులకే వదిలేసింది. ఘోరం అంతా ఆ తర్వాతే.

అశోక్‌నగర్ అభ్యర్థి:
థాంక్యూ మేడమ్, థాంక్స్ అన్నా. మరి పోలీసు గురించి ఎంత రాయాలి?

నారాయణగూడ టీచరమ్మ:
రెండు వాక్యాలు చాలు. సైన్యంలా కనిపించకూడదని నీలం కోటు వేయించి, చేతికి కర్ర మాత్రం ఇచ్చాడని రాయి. 1842 పన్నుతో ఎత్తుకో, మక్కల దగ్గర కాస్త నిలబడు. రాశాక ఇక్కడ పెట్టు నాన్నా, దిద్దుతాను.