తుఫాను సీజన్‌కి వంటింట్లో ఏమేం నిల్వ పెడుతున్నారు?

కాకినాడ_కోడలు: అక్టోబరు వస్తోందంటే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. మాది అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. నలుగురం, అందులో ఏడాది దాటిన బాబు ఒకడు. కరెంటు లేకుండా, గడప దాటకుండా వారం గడవాలంటే ఏం పెట్టుకోవాలి? నీళ్ళు ఎన్ని? గ్యాస్ తక్కువ పట్టే వంటలేంటి? బాబుకి పాల సంగతేంటి? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

సింగ్‌నగర్_వాసి: బియ్యం, పప్పు తర్వాత. ముందు నీళ్ళు చూసుకోండి. 2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు పొంగి మా వీధిలోకి వచ్చినప్పుడు ఇంట్లో బియ్యం బస్తా నిండుగానే ఉంది. సంపులోకి మురుగు దిగింది, మోటారు ఆగింది. చుట్టూ నీళ్ళే, గొంతు తడుపుకోడానికి చుక్క లేదు. డ్రోన్లతో, హెలికాప్టర్లతో పొట్లాలు వేశారు కానీ మా సందు చివరికి అందలేదు. అన్నం వండాలంటే నీళ్ళు, బియ్యం కడగాలంటే నీళ్ళు, గిన్నె తోమాలంటే ఇంకా నీళ్ళు. తాగడానికి, వంటకి కలిపి మనిషికి రోజుకి 4 లీటర్లు లెక్కేసుకోండి. నలుగురికి వారానికి 112 లీటర్లు, అంటే 20 లీటర్ల టిన్నులు ఆరు. వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చిన రోజే నింపుకోవాలి.

బీచ్‌రోడ్డు_అమ్మమ్మ: నీళ్ళ మాట నూటికి నూరు పాళ్ళు నిజం. 2014 హుద్‌హుద్ అప్పుడు మా విశాఖలో పాల ప్యాకెట్ కోసం జనం కొట్టుకున్నంత పని చేశారు. ఇండక్షన్ స్టవ్‌ని నమ్ముకున్న మా పక్కింటివాళ్ళు వంట కోసం మా ఇంటికే వచ్చారు.

గ్యాస్ పొదుపుకి పులగాన్ని మించింది లేదమ్మా. గ్లాసు బియ్యం, అర గ్లాసు పెసరపప్పు. పప్పు దోరగా వేయించి, రెండూ కలిపి అరగంట నానబెట్టండి. నానబెట్టిన నీళ్ళు పారబోయకుండా వాటితోనే కుక్కర్‌లో పెట్టండి. ఒక్క విజిల్ రాగానే కట్టేసి, స్టవ్ మీద నుంచి దించి, పాత దుప్పటి చుట్టి వదిలేయండి. ఆ వేడికే మెత్తగా ఉడికిపోతుంది. పక్కన పచ్చిపులుసు చేసుకుంటే దానికి పొయ్యే అక్కర్లేదు. కందిపప్పు మాత్రం అలాంటి రోజుల్లో ముట్టుకోవద్దు, ఉడికేసరికి సిలిండర్ తినేస్తుంది.

మిల్లు_బియ్యం: నేను 30 ఏళ్ళుగా బియ్యం వ్యాపారంలో ఉన్నాను కాబట్టి చెప్తున్నా. అందరూ నిల్వ చేయమంటారు, పురుగు గురించి ఒక్కరూ మాట్లాడరు. వానాకాలం తేమకి నెల తిరక్కుండా పడుతుంది. బస్తాకి కాస్త బోరిక్ పౌడర్ కలిపి పెట్టండి, ఏడాదైనా ముట్టదు.

ల్యాబ్_అక్క: దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. బోరిక్ అంటే బొద్దింకలకి పెట్టే మందు. ఆహారంలో కలపడానికి అనుమతి లేదు. ఇంట్లో ఏడాది పిల్లాడు ఉన్నాడని ఆవిడ మొదట్లోనే చెప్పారు కదా.

మిల్లు_బియ్యం: మా నాన్నగారి కాలం నుంచి కలుపుతున్నాం. నాలుగుసార్లు కడిగితే పోతుంది. పుస్తకాలు చదివి మాకు చెప్పొద్దు.

ల్యాబ్_అక్క: నాలుగుసార్లు కడగడానికి వరదలో నీళ్ళు ఎక్కడివండీ? పైన సింగ్‌నగర్ అన్న రాసింది చదివారా? తాగడానికే లేనప్పుడు ఒక్కసారి కడగడమే గొప్ప. ముక్కు పురుగు గింజకి చిల్లు పెట్టి లోపల గుడ్డు పెడుతుంది. అందుకే కొట్టునుంచి తెచ్చిన రోజు శుభ్రంగా కనిపించిన బియ్యం తర్వాత పురుగు పడుతుంది. గాలి చొరబడని డబ్బాలో, బాగా ఆరిన బియ్యం, నిండుగా పోసి బిగించండి. చాలు.

తెనాలి_తోట: మేం ఎండు వేపాకు వేస్తాం. కందిపప్పుకి ఆముదం పట్టిస్తాం. ఎండలో పోసి పెట్టుకోవచ్చు కూడా.

మిల్లు_బియ్యం: బియ్యాన్ని ఎండలో పోస్తే గింజ పగిలి నూక అవుతుంది. వ్యాపారం తెలియనివాళ్ళు సలహాలు ఇస్తే ఇలాగే ఉంటుంది.

బీచ్‌రోడ్డు_అమ్మమ్మ: నూకైతే ఉప్మా చేసుకుంటాం బాబూ. విషం కంటే నూక నయం.

డల్లాస్_నుంచి: 2021 ఫిబ్రవరిలో ఇక్కడ టెక్సస్‌లో మంచు పడి కరెంటు పోయినప్పుడు మా ఇంట్లో అన్నీ కరెంటు స్టవ్‌లే. ఫ్రీజర్ నిండా కూరలు, వండే దారి లేదు. ఒక్క మాట గుర్తుంచుకోండి. తలుపు తీయకపోతే ఫ్రిజ్ 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ దాదాపు 48 గంటలు చల్లగా ఉంటాయి. కరెంటు పోగానే ఊరికే తలుపు తీసి చూడకండి. బొగ్గుల కుంపటి మాత్రం ఇంట్లో వెలిగించొద్దు. ఆ చలిలో అలా చేసి కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

తెనాలి_తోట: ఇక్కడ తుఫాను గురించి మాట్లాడుతుంటే అమెరికా ఫ్రీజర్లు ఎందుకండీ?

డల్లాస్_నుంచి: మీ ఊళ్ళో ఫ్రిజ్‌లు లేవా?

భద్రాద్రి_ఒడ్డు: గొడవలు ఆపండి. మాది గోదావరి ఒడ్డు, మా బాధ వేరు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకి చేరింది. ఇల్లు వదిలి పునరావాస కేంద్రానికి వెళ్ళాం. బస్తాలు మోసుకుపోలేం కదా. అప్పటి నుంచి మోయగలిగేవే పెడుతున్నాం. అటుకులు, పుట్నాల పొడి, బెల్లం, వేయించిన పల్లీలు, రెండు సీసాల పచ్చడి, అన్నీ ఒకే సంచిలో. ఇంట్లో ఉంచినవాటిని అటక మీదికి ఎక్కిస్తాం. వరద నీళ్ళు తగిలిన బస్తాని మాత్రం ఎంత ఆరబెట్టినా తినొద్దు, ఆ నీళ్ళలో మురుగు ఉంటుంది.

ఉప్పాడ_వాణ్ణి: ఎండు నెత్తళ్ళు, ఎండు రొయ్యలు మర్చిపోయారు అందరూ. నెత్తళ్ళు తల గిల్లి, పెనం మీద కరకరలాడేలా వేయించి, ఎండుమిర్చితో నూరి పెట్టుకుంటే కూర అక్కర్లేదు.

తెనాలి_తోట: అపార్ట్‌మెంట్‌లో ఆ వాసనకి అసోసియేషన్ వాళ్ళు తలుపు తడతారు.

ఉప్పాడ_వాణ్ణి: తుఫానులో అందరూ ఆకలితో ఉన్నప్పుడు వాసన గురించి అడిగేవాడెవడు? మా తిండిని వాసన అంటే ఊరుకోను.

కాకినాడ_కోడలు: అందరికీ థాంక్స్. బాబు పాల గురించి ఎవరూ చెప్పలేదు.

ల్యాబ్_అక్క: సారీ అమ్మా, బోరిక్ గొడవలో పడిపోయాం. అట్టపెట్టెల్లో వచ్చే పాలు తీసుకోండి, తెరిచేదాకా ఫ్రిజ్ అవసరం లేదు. చిన్న ప్యాకెట్లే కొనండి, తెరిచింది మిగిలితే నిలవదు. పాలపొడి అయితే కాచిన నీళ్ళతోనే కలపాలి. ఉగ్గు పొడి కూడా చేసి పెట్టుకోండి. కడిగి ఆరబెట్టిన బియ్యం, పెసరపప్పు విడివిడిగా వేయించి పొడి కొట్టాలి.

బీచ్‌రోడ్డు_అమ్మమ్మ: అందులో చిటికెడు వాము వేయించి కలుపు తల్లీ. 5 కిలోల చిన్న సిలిండర్ ఒకటి ఇప్పుడే తెచ్చుకో, హెచ్చరిక వచ్చాక షాపులో దొరకదు.

మిల్లు_బియ్యం: పిల్లాడికి వాడే బియ్యంలో బోరిక్ కలపమని నేను అనలేదు. విడిగా డబ్బాలో పెట్టుకోవచ్చు.

ల్యాబ్_అక్క: పెద్దవాళ్ళకి కూడా వద్దండీ.